డయల్ మీది బొమ్మలు ఏం చేస్తాయి? చిన్న డిజిటల్ కెమెరాలోని క్రియేటివ్ మోడ్‌ల వెనుక లెక్క

గుంటూరులో మా అక్క వాళ్ల బీరువాలో పెళ్లి ఆల్బమ్‌ల కింద ఏళ్ల తరబడి పడి ఉన్న చిన్న డిజిటల్ కెమెరాను ఈమధ్య మా మేనకోడలు బయటికి తీసింది. ఛార్జింగు పెట్టి, పైనున్న డయల్ తిప్పుతూ, "మామయ్యా, మన ఊళ్లో మంచే పడదు కదా, ఇందులో మంచు బొమ్మ ఎందుకుంది?" అని అడిగింది. అప్పటికి నేను చెప్పిన జవాబు నాకే సరిగా అనిపించలేదు. ఈ వ్యాసం ఒక రకంగా ఆ జవాబును సరిదిద్దుకోవడమే.

ఇలా బీరువాల్లోంచి బయటికొస్తున్న కెమెరా అదొక్కటే కాదు. సెల్‌ఫోన్ దెబ్బకు కనుమరుగైన ఈ కెమెరాలు ఇరవై ఏళ్ల లోపు పిల్లల చేతుల్లో మళ్లీ కనిపిస్తున్నాయి. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సిపా లెక్కల ప్రకారం 2010లో ప్రపంచమంతటికీ 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు వెళ్లగా, 2023 నాటికి ఆ సంఖ్య 80 లక్షల లోపుకు పడిపోయింది. అయినా 2016లో వచ్చిన తన పవర్‌షాట్ ఎల్ఫ్ 360 హెచ్ఎస్ అనే చిన్న కెమెరాను కేనన్ సంస్థ 2025లో స్వల్ప మార్పులతో మళ్లీ విడుదల చేసిందంటే గిరాకీ ఏ మేరకు తిరిగొచ్చిందో ఊహించవచ్చు. కొత్తగా వీటిని పట్టుకున్నవాళ్లకు ముందుగా ఎదురయ్యే చిక్కు ఆ డయల్, దాని వెనుక మెనూలో ఉండే ఇరవై ముప్పై పేర్లు: మంచు, బాణసంచా, మినియేచర్, ఫిష్ ఐ, కలర్ యాక్సెంట్, హెచ్‌డీఆర్, హ్యాండ్‌హెల్డ్ నైట్ సీన్.

ఒకే వరుసలో మూడు వేర్వేరు పనులు

చిక్కంతా ఈ పేర్లన్నిటినీ ఒకే వరుసలో పేర్చడం వల్ల వచ్చింది. నిజానికి అవి చేసే పనులు మూడు రకాలు. మొదటి రకం, సెన్సర్ మీద పడే కాంతిని మారుస్తుంది. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలి, ఫ్లాష్ వెలగాలా వద్దా అన్నది ఫొటో తీసేలోపే తేలిపోతుంది. మంచు, బాణసంచా, నైట్ పోర్ట్రెయిట్ వంటివి ఈ కోవలోకి వస్తాయి. రెండో రకం, ఒక్క నొక్కుకు వరుసగా కొన్ని ఫొటోలు తీసి వాటిని కలిపి ఒకటి చేస్తుంది. హెచ్‌డీఆర్, పనోరమా ఇలాంటివి. మూడో రకం, మామూలుగా తీసిన ఫొటోకు కార్డులోకి వెళ్లే ముందు రంగు పులుముతుంది. మినియేచర్, టాయ్ కెమెరా, కలర్ యాక్సెంట్ ఈ జాతివి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మొదటి రకం పనిని ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో చేయడం కుదరదు. సెన్సర్ మీద పడని కాంతిని ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా తిరిగి తేలేదు. మూడో రకం పనిని మాత్రం ఎప్పుడైనా చేసుకోవచ్చు. రెండోది వీటి మధ్యన ఉంటుంది: ఆ ఫొటోలన్నీ అక్కడ తీసి ఉంటే తరవాతైనా కలపవచ్చు, తీయకపోతే లేదు.

కాంతి లెక్క: బ్యారేజీ దీపాల ఉదాహరణ

ఎంత కాంతిని పట్టాలన్నది మూడు అంకెల మీద ఆధారపడుతుంది. షట్టర్ స్పీడ్ అంటే సెన్సర్‌కు కాంతి తగిలే సమయం. ఎపర్చర్ అంటే లెన్సులో కాంతి దారి వెడల్పు; ఎఫ్ అంకె పెరిగితే దారి సన్నబడుతుంది. ఐఎస్ఓ అంటే సెన్సర్ ఇచ్చిన సంకేతాన్ని ఎంత పెంచి చూపాలన్నది. పెంచిన కొద్దీ రవ్వరవ్వగా ఇసుక చల్లినట్టుండే నాయిస్ కూడా పెరుగుతుంది. కాంతి రెట్టింపైనా సగమైనా దాన్ని ఒక స్టాప్ అంటారు.

విజయవాడ దుర్గాఘాట్ నుంచి రాత్రి ప్రకాశం బ్యారేజీ దీపాలను ఆటోలో, అంటే అన్నీ కెమెరాయే ఎంచుకునే మోడ్‌లో, తీశారనుకుందాం. చేతిలో కెమెరా కదులుతుందన్న భయంతో అది ఐఎస్ఓ 1600, షట్టర్ 1/15 సెకను ఎంచుకుంటుంది. ఫొటోలో వెలుతురు సరిపోతుంది గానీ ఆకాశమంతా ఇసుకే. ఇప్పుడు కెమెరాను ఘాట్ మెట్టు మీదో స్టాండు మీదో కదలకుండా ఉంచి ఐఎస్ఓను 100కు దించితే సంకేతం 16వ వంతుకు, అంటే నాలుగు స్టాప్‌లు తగ్గుతుంది. దాన్ని భర్తీ చేయడానికి షట్టర్ 16 రెట్లు ఎక్కువసేపు తెరిచి ఉండాలి: 1/15 సెకను కాస్తా సుమారు ఒక సెకను అవుతుంది. వెలుతురు అంతే, ఇసుక మాత్రం దాదాపు పోతుంది. పైగా సెకను పాటు కదిలిన నీళ్లలో దీపాల నీడలు పట్టుచీర అంచుల్లా సాగిపోయి కనిపిస్తాయి. చాలా కెమెరాల్లో 'లాంగ్ షట్టర్' అనే మోడ్ చేసేది ఇంతే.

ఎపర్చర్ దగ్గర మాత్రం చిన్న కెమెరా చెయ్యి కట్టేసినట్టుంటుంది. సాధారణ చిన్న కెమెరా సెన్సర్ సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. పెద్ద కెమెరాల్లో వాడే, 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ విస్తీర్ణం దీనికి ముప్పై రెట్లు. సెన్సర్ ఇంత చిన్నదైనప్పుడు లెన్సు ఫోకల్ లెంగ్త్ (దూరపు కాంతిని లెన్సు ఒక చోట చేర్చే దూరం) కూడా నాలుగైదు మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి దగ్గరున్న మనిషీ వెనకున్న గోడా రెండూ స్పష్టంగానే వస్తాయి. ఎఫ్ 3.6 అని రాసి ఉన్నా, వెనుక భాగం మసకబారే విషయంలో అది ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్ 20తో సమానం. అందుకే 'పోర్ట్రెయిట్' బొమ్మ పెట్టినా పెళ్లి ఫొటోగ్రాఫర్ తీసినట్టు వెనుక భాగం కరిగిపోదు. చర్మం కాస్త నునుపుగా కనిపిస్తుంది, అంతవరకే. కొన్ని మోడళ్లలోనైతే ఎపర్చర్ రెక్కలే ఉండవు. ఎండ ఎక్కువైనప్పుడు కూలింగ్ గ్లాస్ లాంటి ముదురు ఫిల్టర్ ఒకటి లెన్సు దారిలోకి వచ్చి నిలబడుతుంది. జూమ్ చేస్తే ఇంకో నష్టం: ఎఫ్ 3.6 దగ్గర మొదలైన లెన్సు చివరికి ఎఫ్ 7కు చేరితే, లోపలికొచ్చే కాంతి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. రాత్రి పూట జూమ్ ఫొటోలు అలుక్కుపోవడానికి సగం కారణం ఇదే.

మంచు పడని జిల్లాలో మంచు మోడ్

ఇక మేనకోడలి ప్రశ్న. కెమెరాకు ఎదురుగా ఉన్నది ఏమిటో తెలియదు. దాని నుంచి ఎంత కాంతి వస్తున్నదో మాత్రమే తెలుస్తుంది. అందుకని కాంతిని కొలిచే లోపలి మీటరు ఒక ఊహతో పనిచేస్తుంది: లోకంలోని దృశ్యాలన్నీ సగటున మధ్యస్థమైన బూడిద రంగులో, తమ మీద పడిన కాంతిలో సుమారు 18 శాతాన్ని తిరిగి పంపేవిగా ఉంటాయి. చెట్లు, రోడ్డు, మనుషులు కలిసిన మామూలు దృశ్యంలో ఈ ఊహ బాగానే కుదురుతుంది. ఫ్రేమంతా తెలుపే నిండితే మాత్రం బోల్తా పడుతుంది. 'అమ్మో, వెలుతురు ఎక్కువైపోయింది' అనుకుని కాంతిని తగ్గించి, తెలుపును బూడిద చేస్తుంది. మంచు దేశాలవాళ్లకు ఈ ఇబ్బంది ప్రతి శీతాకాలం ఎదురవుతుంది గనక తయారీదారులు దీనికి మంచు బొమ్మ పెట్టారు. ఆ బొమ్మ వెనుక ఉన్న ఆదేశం ప్రధానంగా ఒకటే: మీటరు చెప్పిన దానికన్నా ఎక్కువ కాంతి తీసుకో. కొన్ని కెమెరాలు దానితోపాటు మంచు మీద పడే నీలి ఛాయను కూడా తగ్గిస్తాయి.

మంచుకు బదులు గుంటూరు జిల్లాలో మనకు పత్తి ఉంది. తీత అయ్యాక ఇంటి ముందు పోసిన పత్తి కుప్పను ఎండలో ఫ్రేమంతా నిండేలా ఆటోలో తీసి చూడండి. అది తడిసి మాసిన పత్తిలా వస్తుంది. ఐఎస్ఓ 100, ఎఫ్ 8 దగ్గర కెమెరా 1/800 సెకను ఎంచుకుందనుకుంటే, మంచు మోడ్ దాన్ని 1/400 చేసిందంటే కాంతి సరిగ్గా రెట్టింపవుతుంది, పత్తి పత్తిలా తెల్లబడుతుంది. ప్లస్, మైనస్ గుర్తులతో ఉండే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ 1 దగ్గర పెట్టినా ఫలితం అదే. తెల్ల పంచెలో ఉన్న తాతగారికీ, మల్లెపూల బుట్టకూ ఈ మోడే పనికొస్తుంది. తిరగేస్తే నల్ల గేదె సంగతి: ఫ్రేమంతా గేదె నిండితే కెమెరా దాన్ని బూడిద రంగు గేదెను చేస్తుంది. గేదె మోడ్ మాత్రం ఎవరూ పెట్టలేదు. మైనస్ గుర్తుతో సరిపెట్టుకోవాలి.

ఇటీవలి కెమెరాలు ఫ్రేమును ముక్కలుగా విడదీసి, ముఖాలను గుర్తించి, తెలుపును కొంతవరకు తామే పసిగడతాయి. అలాంటి కెమెరాలో ఆటో ఫొటోకు, మంచు ఫొటోకు తేడా కొద్దిగానే కనిపించవచ్చు. మోడ్ పని చేయట్లేదని దానర్థం కాదు.

బాణసంచా మోడ్, తెప్పోత్సవం, ఫ్లాష్

బాణసంచా మోడ్ పెట్టగానే ఫోకస్ దూరానికి స్థిరపడుతుంది, ఐఎస్ఓ తగ్గుతుంది, షట్టర్ సుమారు రెండు సెకన్లు తెరిచి ఉంటుంది. రవ్వలు నడిచిన దారంతా గీతలుగా పడుతుంది. కదిలేది తానే వెలుగైనప్పుడు ఇది అద్భుతంగా ఉంటుంది. కదిలేదాని ఆకారం కావాలనుకున్నప్పుడే చిక్కు.

దసరా చివర కృష్ణలో జరిగే తెప్పోత్సవాన్నే తీసుకుందాం. దీపాలతో వెలిగే హంస వాహనం మనకు 100 మీటర్ల దూరంలో, సెకనుకు అర మీటరు వేగంతో అడ్డంగా కదులుతోందనుకుందాం. జూమ్ లేకుండా తీస్తే, ఆ దూరంలో ఫ్రేములో పట్టే వెడల్పు సుమారు 144 మీటర్లు. ఫొటో వెడల్పు 5,000 పిక్సెళ్లైతే ఒక్కో పిక్సెల్‌కు దాదాపు మూడు సెంటీమీటర్లు వస్తుంది. షట్టర్ ఒక సెకను తెరిస్తే హంస 17 పిక్సెళ్ల మేర అలుక్కుపోతుంది, బాణసంచా మోడ్‌లో రెండు సెకన్లకు 35. అదే 1/15 సెకనుకైతే పిక్సెల్‌కు కాస్త అటూ ఇటూ, కంటికి ఆనదు. అంటే ఘాట్ మీద నుంచి పైన పేలే బాణసంచాకు ఒక మోడ్, కింద తిరిగే హంసకు ఇంకో మోడ్ కావాలి. రెండింటినీ ఒకే ఫొటోలో అడిగితే ఏదో ఒకటి వదులుకోక తప్పదు. నదిలో వరద ఉధృతి వల్ల హంస వాహనాన్ని ఒడ్డునే నిలిపి పూజలు చేసిన ఏళ్లున్నాయి. అలాంటి ఏడాది రెండు సెకన్ల షట్టర్‌కూ ఇబ్బంది లేదు.

ఫ్లాష్ విషయంలో లెక్క ఇంకా కఠినం. దూరం రెట్టింపైతే దాని కాంతి నాలుగో వంతవుతుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న స్నేహితుడి ముఖానికి సరిపడిన ఫ్లాష్, కెమెరాకు ఇరవై మీటర్ల దూరంలో వెనకున్న దుకాణానికి చేరేసరికి నూరో వంతే మిగులుతుంది. అందుకే రాత్రి బీసెంట్ రోడ్డులో ఆటో ఫ్లాష్‌తో తీసిన ఫొటోల్లో మనిషి సున్నం కొట్టినట్టు, వెనుక వీధి బొగ్గులా వస్తాయి. నైట్ పోర్ట్రెయిట్ లేదా స్లో సింక్ మోడ్‌లో ఫ్లాష్ ముఖం కోసం ఒక్కసారి మెరుస్తుంది, ఆ తరవాత కూడా వీధి దీపాల కోసం షట్టర్ కాసేపు తెరిచే ఉంటుంది. ఫ్లాష్ పడగానే ఫొటో అయిపోయిందనుకుని మనిషి పక్కకు కదిలితే దీపాల వెలుగులో ముఖం పక్కన ఇంకో ముఖం నీడలా చేరుతుంది.

నాలుగు ఫొటోలు కలిస్తే

హ్యాండ్‌హెల్డ్ నైట్ సీన్ ఇదే చీకటిని మరో దారిలో ఎదుర్కొంటుంది. చకచకా కొన్ని ఫొటోలు తీసి, చేతి వణుకు వల్ల పక్కకు జరిగిన వాటిని సర్ది, ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. నాయిస్ ప్రతి ఫొటోలోనూ ఎలా పడితే అలా పడుతుంది గనక సగటులో కొంత రద్దవుతుంది. నాలుగు ఫొటోలు కలిపితే సగమవుతుంది. స్టాండు లేనప్పుడు ఇది నిజంగా మేలు. కాకపోతే దృశ్యంలో నడిచే మనిషి నాలుగు చోట్ల పలచగా కనిపించే ప్రమాదం ఉంది.

హెచ్‌డీఆర్‌కు ఉండవల్లి గుహలకన్నా మంచి ఉదాహరణ ఈ చుట్టుపక్కల దొరకదు. నాలుగో, అయిదో శతాబ్దాల నాటివని చెప్పే ఆ నాలుగంతస్తుల గుహల్లో స్తంభాల వెనుక చీకటి, బయట పొలాల మీద మండే ఎండ. లోపలి శిల్పానికి 1/8 సెకను, బయటి పొలానికి 1/500 సెకను సరైనదనుకుంటే రెండింటి మధ్య అరవై రెట్ల పైచిలుకు తేడా, అంటే ఆరు స్టాప్‌లు. ఒక్క ఫొటోలో అయితే శిల్పం నల్లబడాలి, లేదంటే పొలం తెల్లగా కాలిపోవాలి. హెచ్‌డీఆర్ 1/500, 1/60, 1/8 వద్ద మూడు ఫొటోలు తీసి, ఒక్కోదాని నుంచి బాగా వచ్చిన భాగాన్ని ఏరి కలుపుతుంది. ఫలితంలో అన్నీ కనిపిస్తాయి. అదే కొందరికి నచ్చదు. స్తంభాల వెనుక చీకటి కూడా పలచనై, గుహ కాస్తా ట్యూబ్‌లైట్ వేసిన గదిలా తయారవుతుంది. శిల్పం వివరాలు నమోదు చేయాలనుకునేవాళ్లకు అదే కావాలి. అక్కడ నిలబడినప్పటి అనుభూతి కావాలనుకునేవాళ్లకు అక్కర్లేదు. నాకైతే గుహలో చీకటి ఉండాలి.

పనోరమా గురించి ఒక్క మాట చాలు. 1957లో పూర్తయిన, సుమారు 1,223 మీటర్ల పొడవున్న బ్యారేజీ మొత్తం ఒక ఫొటోలో పట్టాలంటే కెమెరాను అడ్డంగా తిప్పుతూ తీసే ఈ మోడే దగ్గరి దారి. వంతెన మీద కదిలే బస్సులు మాత్రం అతుకుల దగ్గర సగానికి తెగుతాయి, లేదా రెండుసార్లు కనిపిస్తాయి.

రంగు పులిమేవి: మిర్చి యార్డు, గాంధీ హిల్

కలర్ యాక్సెంట్‌లో ఒక రంగును ఎంచుకుంటే కెమెరా దాన్ని మాత్రమే ఉంచి మిగతాదంతా నలుపు తెలుపు చేస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో ఎర్ర రంగును ఎంచుకోవడమే మేనకోడలు చేసిన మొదటి ప్రయోగం. కుప్పపోసిన తేజ కాయలు ఎర్రగా నిలిచాయి, షెడ్డు, లారీ బూడిదైపోయాయి. దగ్గరగా చూస్తే టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తున్న హమాలీ చెంప మీద, పెదవుల దగ్గర ఎర్రటి మచ్చలు. గోనె సంచి మీద అక్కడక్కడా తుప్పు పట్టినట్టు రంగు. కెమెరాకు మిరపకాయ తెలియదు, ఎరుపు మాత్రమే తెలుసు. మనిషి చర్మం, గోనె నార రెండూ నారింజ ఛాయలో ఎరుపుకు పక్కనే ఉంటాయి. కొన్ని మోడళ్లలో ఈ పరిధిని తగ్గించుకోవచ్చు. తగ్గిస్తే ముఖం శుభ్రపడుతుంది గానీ కుప్ప నీడలో ఉన్న కాయలు కూడా బూడిదవుతాయి.

ఎరుపుతో ఇంకో తంటా ఉంది. మొత్తం వెలుతురు సరిగానే ఉన్నా ఎరుపు ఒక్కటే గరిష్ఠ స్థాయిని తాకి ఆగిపోతే కాయల ముడతలు, మెరుపు చెరిగిపోయి కుప్ప ఎర్ర రంగు డబ్బా ఒలికినట్టు కనిపిస్తుంది. రంగును మరింత చిక్కగా చేసే 'వివిడ్' మోడ్ ఇక్కడ మేలుకన్నా కీడే చేస్తుంది. మైనస్ వైపు కొద్దిగా జరిపి మామూలు మోడ్‌లో తీసిన ఫొటోలో కాయకు కాయ విడిగా కనిపిస్తుంది.

మినియేచర్ ఎఫెక్ట్ ఫ్రేము పైభాగాన్ని, కింది భాగాన్ని మసకబరిచి మధ్యలో ఒక పట్టీని స్పష్టంగా ఉంచుతుంది. చిన్న వస్తువును చాలా దగ్గరి నుంచి చూసినప్పుడే ముందూ వెనకా మసకబారతాయని మన కన్నుకు అలవాటు కాబట్టి నిజమైన ఊరు బొమ్మల కొలువులా తోస్తుంది. ఎత్తు నుంచి కిందికి చూస్తేనే ఈ మాయ పారుతుంది. విజయవాడ గాంధీ హిల్ మీద నుంచి రైల్వే స్టేషన్ వైపు తీస్తే రైలు పెట్టెలు అగ్గిపెట్టెల్లా వస్తాయి. ఆ పట్టీని దాటి పైకి నిలిచిన సెల్ టవరో, మేడో ఉంటే దాని తల మసకబారి, కాళ్లు స్పష్టంగా ఉండి గుట్టు బయటపడుతుంది. కొన్ని కెమెరాల్లో ఇదే మోడ్‌లో వీడియో కూడా వస్తుంది. అయిదు రెట్ల వేగం పెడితే నిమిషం సేపు తీసినది 12 సెకన్లలో, శబ్దం లేకుండా, బొమ్మ రైలులా పరుగెత్తుతుంది. ఫిష్ ఐ అంచులను వంచుతుంది, టాయ్ కెమెరా మూలలను నల్లబరుస్తుంది. అంతకు మించి వాటిలో విప్పి చెప్పాల్సింది లేదు.

పాత సెన్సర్ రంగుల వాదన

2010కి ముందు వచ్చిన చిన్న కెమెరాల్లో ఎక్కువగా సీసీడీ సెన్సర్లు ఉండేవి, తరవాత సీమాస్ అనే మరో రకం సెన్సర్ వచ్చింది. సీసీడీ రంగులు వేరు, ఫిల్ము లాంటివి అన్న నమ్మకంతో పాతవాటికి ఇప్పుడు ఎక్కువ ధర పెడుతున్నారు. సీసీడీని 1969లో బెల్ ల్యాబ్స్‌లో బాయిల్, స్మిత్ కనిపెట్టారు. 2009లో వాళ్లకు నోబెల్ కూడా వచ్చింది. అయితే సీసీడీ కాంతిని లెక్కించి బయటికి పంపే పద్ధతి మాత్రమే, రంగును చూడలేదు. సీసీడీ అయినా సీమాస్ అయినా రంగు వచ్చేది పైన అమర్చిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ల ఫిల్టర్ నుంచి, ఆపైన కెమెరా చేసే లెక్క నుంచి. కోడాక్ ఇంజనీరు బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంటు పొందిన గళ్ల అమరికే ఇప్పటికీ చాలా కెమెరాల్లో ఉంది.

అలాగని తేడా కనిపిస్తుందనేవాళ్లది వట్టి భ్రమ కాదు. ఆ కాలపు కెమెరాలు ఫోన్‌లా నీడలను ఎత్తి చూపవు, ప్రతి నొక్కుకూ పది ఫొటోలు కలపవు. వాటి జెనాన్ ఫ్లాష్ సెకనులో వెయ్యో వంతు లోపే ఒక్కసారిగా మెరిసి, ముఖం వెనుక గోడ మీద గట్టి నీడ వేస్తుంది; ఫోన్‌లోని ఎల్ఈడీ దీపం ముందు అది పిడుగు. పిల్లలు ఇష్టపడేది ఆ నీడనూ, ఆ తేటదనాన్నీ. పేరు మాత్రం సీసీడీకి పోతోంది.

కెమెరాలోనే చేయాలా, తరవాతా?

ఎఫెక్ట్‌ల విషయంలో ఫొటోగ్రఫీ తెలిసినవాళ్లు రెండుగా చీలిపోతారు. తరవాత చేసుకోగలిగిన పనిని అక్కడే చేసి అసలు ఫొటోను ఎందుకు పోగొట్టుకోవాలన్నది ఒక వాదన. చాలా కెమెరాల్లో ఎఫెక్ట్ పెట్టి తీసినప్పుడు కార్డులో పడేది మార్చిన జేపెగ్ ఒక్కటే. ఏ మార్పూ చేయని 'రా' ఫైలు ఇచ్చే కాస్త ఖరీదైన మోడళ్లలో, ఎఫెక్ట్‌తోపాటు దాన్ని కూడా తీయనిస్తే, సెన్సర్ పట్టిన అసలు మిగులుతుంది. కొన్ని పాత మోడళ్లలో అసలును కూడా దాచే వీలు మెనూలో ఉంది. వార్తా ఫొటోలకైతే ఇలాంటి మార్పులు సాధారణంగా ఒప్పుకోరు.

రెండో వాదన కెమెరా వెనకున్న తెర ముందు పుట్టినది. నలుపు తెలుపు మోడ్ పెట్టగానే తెర కూడా నలుపు తెలుపుగా మారుతుంది. అప్పుడు చూసేవాడి దృష్టి రంగు మీది నుంచి నీడల మీదికి, గీతల మీదికి జరుగుతుంది. నిలబడే చోటు కూడా మారుతుంది. ఇంటికొచ్చి రంగు తీసేసిన ఫొటోకు ఆ చోటు దొరకదు. ఈ వాదనలో బలం ఉందని నాకనిపిస్తుంది గానీ, అది నలుపు తెలుపుకు ఒప్పినంతగా ఫిష్ ఐకి ఒప్పదు.

మేనకోడలి కార్డులో యార్డు ఫొటోలు పదకొండున్నాయి, అన్నీ కలర్ యాక్సెంట్‌లో తీసినవే. ఆ కెమెరా మెనూలో అసలును దాచే వీలు లేదు. హమాలీ చొక్కా ఏ రంగుదో ఆమెకు గుర్తు లేదు. ఫొటోలో అది బూడిద.